ఎర్ర చుక్క హెల్మెట్

తెరచాపల షెడ్డు,
సముద్రం ఒడ్డు.

అక్కా,

ముందే చెబుతున్నాను, ఈ ఉత్తరం బావకి చదివి వినిపించకు. ఏడాది పొడుగునా నవ్వుతాడు.

నాకు హెల్మెట్ కావాలి. బండికి కాదు, విండ్‌సర్ఫింగ్‌కి. ఏళ్ల తరబడి నువ్వు చెబుతూనే ఉన్నావు, నేను చెవిన పెట్టలేదు. ఇప్పుడు ఆ చెవికే ముప్పొచ్చింది. పోయిన వారం కొత్తగా చేరిన ఆయనకి బోర్డు మీద నిలబడటం నేర్పిస్తుంటే, గాలి కాస్త ఎక్కువయ్యేసరికి భయపడి తెరచాప వదిలేశాడు. దాని కొయ్య వచ్చి నా ఎడమ చెవి పైన తగిలింది. నీళ్లలో పడ్డాక పైకి ఎటో కిందికి ఎటో కాసేపు తెలియలేదు. కుట్లు మానుతున్నాయి గానీ చెవిలో జోరీగ మాత్రం పోవడం లేదు. ఫోను పెట్టుకుంటే ఆ మోత రెట్టింపవుతోంది. ఎలాగూ ఈ ఇసుక మొనకి సిగ్నల్ సరిగా అందదు. అందుకే ఉత్తరం.

హెల్మెట్ లేకుండా నీళ్లలో దిగితే ఉద్యోగం లేదని మా ఓనరు తేల్చి చెప్పేశాడు. ఇక్కడి దుకాణంలో ఉన్నవన్నీ పెట్టి చూశాను. మన ఇంటి తలలు నీకు తెలియనివా, వెనక్కి పొడుగు. పెద్ద సైజు పెడితే పక్కలకి ఊగుతుంది, చిన్నది పెడితే నెత్తిన గిన్నె బోర్లించినట్టు ఉంటుంది. దుకాణం అమ్మాయి నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయింది.

ఇంకో సంగతి నీకు మాత్రమే. దెబ్బ తగిలినప్పటి నుంచి మోకాలి లోతు దాటి దిగాలంటే కాళ్లు వణుకుతున్నాయి. అందరికీ ధైర్యం చెప్పాల్సిన పంతులు ఒడ్డున నిలబడి అరుస్తున్నాడు. ఇలాగే ఉంటే ఓనరు తీసేయక్కర్లేదు, నేనే మానుకోవాలి. నాకు వేరే పని ఏదీ రాదక్కా.

హెల్మెట్లు పగలగొట్టి జీతం తీసుకునేదానివి, ఏది కొనాలో చెప్పు.

నీ గుమ్మడికాయ

•

పరీక్షల గది,
హెల్మెట్ ఫ్యాక్టరీ.

ఒరేయ్ గుమ్మడికాయా,

బావకి చదివి వినిపించాను. నవ్వలేదు. కంచం ముందు నుంచి లేచిపోయాడు.

అక్క చెబితే ఎక్కలేదు గానీ కొయ్య చెబితే ఎక్కింది. సరే విను. బండి హెల్మెట్ పెట్టుకుని నీళ్లలోకి దిగకు. దాని లోపల ఉండేది థర్మోకోల్ లాంటిది, ఒక్క పెద్ద దెబ్బకి నలిగిపోతే దాని పని అయిపోయినట్టే. నీకు చిన్న దెబ్బలు చాలా తగులుతాయి కాబట్టి నలిగి మళ్లీ లేచే మెత్త కావాలి, అది నీళ్లు తాగకూడదు. ముందు టోపీ అంచులా చూరు ఉన్నది వద్దే వద్దు. వేగంగా పడ్డప్పుడు చూరు కింద నీళ్లు పట్టుకుని తలని వెనక్కి విరుస్తాయి. చెవులు కప్పాలి గానీ మాట వినపడాలి, చేరిన నీళ్లు కారిపోవడానికి చిల్లులుండాలి. పట్టీ బిగించి తల ఊపి చూడు. నుదుటి చర్మం దాంతో పాటు కదలాలి, అదొక్కటే కదిలితే నీది కాదు. రంగు నారింజో పసుపో తీసుకో. ముచ్చటగా ఉందని నీలం తీసుకున్నావంటే, నిన్ను వెతకడానికి వచ్చేవాడికి సముద్రమూ నీ నెత్తీ ఒక్కలాగే కనిపిస్తాయి.

ఇంత చెప్పినా నువ్వు మళ్లీ గిన్నే తెచ్చుకుంటావని నాకు తెలుసు. మా దగ్గరే నీళ్ల ఆటలకి కొత్త రకం తయారవుతోంది. అచ్చులోంచి హెల్మెట్లు ఎప్పుడూ జంటగా వస్తాయి, ఒకే పోత, ఒకే మెత్త. అచ్చు విభాగంలో మీ బావ ఒకదాని వెనకాల ఎర్ర చుక్క పెడతాడు. చుక్క పెట్టినది నా గదికి వస్తుంది. దాన్ని లోపల దెబ్బ కొలిచే మీటరున్న ఇనుప తలకి తొడిగి, గొలుసుతో స్తంభం పైకి లాగి, కింద ఇనుప దిమ్మె మీద పడేస్తాను. ఉప్పు నీళ్లలో నానబెడతాను, మళ్లీ పడేస్తాను. అది తట్టుకుంటే దాని జోడు మనిషి తలకి వెళ్తుంది. ఒకటి చచ్చి ఇంకొకదాన్ని బతికిస్తుంది అంటాడు మీ బావ.

పరీక్షలన్నీ అయ్యాకే పంపాలి గానీ, నీ ఉద్యోగం అందాకా ఆగదు. మన తలకి సరిపోయే జంట ఒకటి చూసి, నా నెత్తిన పెట్టుకుని మరీ పంపుతాను. నీ తలా నా తలా కొలత ఒకటే, లోపలి సరుకులోనే తేడా.

భయపడ్డావని సిగ్గుపడకు. అసలు భయమే లేనివాళ్లని చూస్తే నాకు భయం.

అక్క

•

తెరచాపల షెడ్డు.

అక్కా,

పార్సిల్ అందింది. పెట్టుకుని తల ఊపాను, నుదురు కదిలింది. నువ్వు రెండు చేతులతో నా తల పట్టుకున్నట్టు ఉంది. పక్కన ఎవరూ లేరు కాబట్టి చెబుతున్నాను, కళ్లు చెమర్చాయి.

నిన్న దిగాను. మోకాళ్లు, నడుము, మెడ దాటాను, బోర్డు ఎక్కాను, తెరచాప ఎత్తాను. వణుకు లేదు. అవతలి బండ దాకా వెళ్లి తిరిగొచ్చాను. ఓనరు నా పేరు మళ్లీ పంతుళ్ల పలక మీద రాశాడు. ఈ గాలుల కాలం చివర్లో పెద్ద పంతులు పరీక్ష ఉంది, అఖాతం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దాటాలి. దానికీ పేరు ఇచ్చేశాను.

ఒక చిన్న అనుమానం. వెనకాల కింద అంచు దగ్గర ఎర్రటి మరక ఉంది, ఎవరో తుడిచినా పూర్తిగా పోనట్టు. కొత్త వస్తువేనా, మీ ఇంజనీర్లు ఎవరైనా వాడి పారేసిందా?

గుమ్మడికాయ

•

పరీక్షల గది,
బుధవారం సాయంత్రం.

ఒరేయ్,

కొత్తదే. అచ్చు గదిలో రంగు డబ్బాలు ఉంటాయి, ఏదో అంటుకుని ఉంటుంది. కోడిగుడ్డు మీద ఈకలు పీకకు.

నీ హెల్మెట్ జోడుకి ఇవాళ మధ్యాహ్నం మొదటి పరీక్ష చేశాను. వెనక, ఎడమ పక్క పడేలా పెట్టి సగం ఎత్తు నుంచి వదిలాను. ఎంత బాగా తట్టుకుందంటే లోపలి ఇనుప తలకి చీమ కుట్టినట్టు కూడా లేదు. అక్క ఎంపిక అంటే అదీ. రేపు ఉప్పు నీళ్ల తొట్టిలో వేస్తాను.

నీ జోరీగ ఎలా ఉంది? డాక్టరు ఏమన్నాడో రాయకుండా నీళ్లు నములుతున్నావు.

అక్క

•

తెరచాపల షెడ్డు,
బుధవారం.

అక్కా,

ఇవాళ ఒక తమాషా జరిగింది. మధ్యాహ్నం గాలి పూర్తిగా పడిపోయింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. పిల్లల్ని ఒడ్డుకి పంపేసి నేనొక్కణ్ణే బోర్డు మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాను. తెరచాప పడుకుని ఉంది. కనుచూపు మేరలో పిట్ట కూడా లేదు. అప్పుడు తలకి వెనక, ఎడమ పక్క ధడేల్మని తగిలింది. ముందుకి బోర్లా పడ్డాను.

లేచి చుట్టూ చూశాను. నీళ్లలో ఒక్క అల లేదు. పైన ఏమీ లేదు. హెల్మెట్ మీద గీత కూడా లేదు. చెవిలో నరం ఏదో తిక్కగా కొట్టుకుని ఉంటుంది. తమాషా ఏంటంటే, దెబ్బకి ముందు గొలుసు లాగుతున్న చప్పుడు వినిపించింది. పైకి, పైకి, తర్వాత ఆగింది. ఆగాక తగిలింది.

పాత పడవల లంగరు గొలుసులు నీళ్ల అడుగున కదులుతుంటాయని ఓనరు అన్నాడు. ఓనరుకి అన్నీ తెలుసు, జీతం తేదీ ఒక్కటే తెలియదు.

గుమ్మడికాయ

•

ఇల్లు.

తమ్ముడూ,

నీ ఉత్తరం చేరింది. నా ఉత్తరమూ నీకు ఈపాటికి చేరి ఉంటుంది. ముందు డాక్టరు దగ్గరికి వెళ్లు. ఆ దెబ్బ సరిగ్గా ఏ సమయానికి తగిలిందో గుర్తు చేసుకుని రాయి. తాటిచెట్టు మీద కాకి వాలడం, తాటిపండు పడటం ఒకేసారి జరుగుతుంటాయి, దానికేముంది.

నీళ్లలోకి దిగడం నాలుగు రోజులు మానితే నష్టం లేదు.

అక్క

•

తెరచాపల షెడ్డు.

అక్కా,

నన్ను తమ్ముడూ అని పిలిచావు. చిన్నప్పుడు నాకు జ్వరం ఎక్కువైనప్పుడు తప్ప నువ్వు ఎప్పుడూ అలా పిలవలేదు. ఏమైంది?

డాక్టరు చూశాడు. చెవి లోపల పొర అతుక్కుంటోందట, ఇంకేమీ లేదట. దెబ్బ మీ భోజనాల గంట తర్వాత తగిలి ఉంటుంది, ఇంతకంటే చెప్పలేను. నీ బుధవారం ఉత్తరం చదివాను. చదివి నవ్వాను. తర్వాత మళ్లీ చదివాను.

ఇంకొన్ని చెబుతాను, నవ్వకు. హెల్మెట్ ఆరడం లేదు. రోజంతా ఎండలో మేకుకి తగిలిస్తున్నాను, బోర్డు ఆరుతుంది, బట్టలు ఆరతాయి, ఇది మాత్రం కింద చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉంది. నేను దిగని రోజున కూడా. వేలితో తీసి నాలిక మీద వేసుకున్నాను. ఉప్పే గానీ, మా సముద్రం ఉప్పు కాదు. చేదు లేదు, నాచు వాసన లేదు. ఎవరో కొలిచి కలిపినట్టుంది.

సోమవారం పొద్దున ఇంకో దెబ్బ తగిలింది. ఈసారి నుదుటికి. మళ్లీ అదే గొలుసు, ఈసారి ఇంకాస్త పైకి. కానీ అక్కా, గొలుసు వినగానే నేను బోర్డు మీద కూర్చుండిపోయాను, అందుకే పడలేదు. చెప్పి మరీ కొడుతోంది కాబట్టి భయం లేదు. నిజం చెప్పాలంటే అది తలకి లేకపోతేనే భయంగా ఉంటోంది.

గుమ్మడికాయ

•

ఇల్లు.

తమ్ముడూ,

ఇది చదివిన వెంటనే ఆ హెల్మెట్ తల మీద నుంచి తీసెయ్యి. మళ్లీ పెట్టుకోకు. మీ ఓనరు ఆఫీసుకి ఫోను చేస్తే లైను కలవలేదు, అందుకే రాస్తున్నాను.

సోమవారం పొద్దున నేను జోడుని రెండోసారి పడేశాను. నుదుటి పక్క. నీ బుధవారం ఉత్తరం నాకు ఆ తర్వాతే అందింది. ముందే అంది ఉంటే చేసేదాన్ని కాదు. పడేసేదాకా జోడు మా ఉప్పు నీళ్ల తొట్టిలో మునిగి ఉంది. ఆ నీళ్లు నేనే కొలిచి కలుపుతాను. నువ్వు విన్న గొలుసు మా స్తంభం గొలుసు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ మరక రంగు డబ్బాది కాదు. బావ ఎర్ర చుక్క పెట్టినది నీ దగ్గర ఉన్నదానికే. నీ కోసం ఏరిన జంట నా బల్ల మీదికి వచ్చినప్పుడు రెండింటినీ వేలితో తడిమి చూశాను. చుక్క లేనిదాంట్లో చెవి దగ్గర ఆవగింజంత గాలి బుడగ ఉంది. లెక్క ప్రకారం అది తప్పు కాదు. కానీ నీకు దెబ్బ తగిలింది సరిగ్గా ఆ చెవి పైనే కదరా. ఆ బుడగ ఉన్నదాన్ని నీ తలకి ఎలా పంపను? థిన్నరు గుడ్డతో చుక్క తుడిచి, రెండోదానికి నేనే చుక్క పెట్టాను. మంచిది నీకు, లోపమున్నది ఇనుప తలకి. ఎవరైనా అదే చేస్తారనుకున్నాను.

నిన్న బావకి చెప్పాను. ఆయన మెట్ల మీద కూర్చున్నాడు. తర్వాత అన్నాడు, "చుక్క పెట్టాక అది చావాల్సిందేనే. మా అచ్చు గదిలో అందరూ నవ్వుతూనే చెప్పుకుంటాం గానీ, ఎవడూ చుక్క మార్చడు. దాని దెబ్బలు దానివి. జోడుని కొట్టినా అవి దారి వెతుక్కుని దాని దగ్గరికే పోతాయి." నాకు ఇలాంటివి నమ్మకం లేదు, నీకు తెలుసు. మీటరు చూపించిందే నమ్ముతాను. కానీ ఈ ఉత్తరం రాయమని కాగితం తెచ్చి నా ముందు పెట్టింది ఆయనే.

ఆఖరి పరీక్ష ఒకటి మిగిలి ఉంది. స్తంభం కొస నుంచి, నడినెత్తి మీద. జోడుని బీరువాలో పెట్టి తాళం వేశాను. మేనేజరు రోజూ అడుగుతున్నాడు, అది పూర్తవకుండా కొత్త రకం బయటికి పోదు. నేను చేయకపోతే ఇంకొకరి చేత చేయిస్తాడు. ఎన్నాళ్లు ఆపగలను? నువ్వు దాన్ని ఖాళీగా, లోపల ఏ తలా లేకుండా బండ మీద పెట్టి రాయితో పగలగొట్టు. ముక్కలయ్యాక నాకు రాయి. అప్పటిదాకా నేను గొలుసు ముట్టను.

నీకు ఇంకో జంటలోది పంపుతాను, ఈసారి చుక్క ఎక్కడిది అక్కడే ఉంటుంది.

అక్క

•

తెరచాపల షెడ్డు.

అక్కా,

అందింది. నువ్వు చెప్పినట్టే చేశాను. బండ మీద పెట్టి పగలగొట్టాను. ఇక నిశ్చింతగా ఉండు. బావని కూడా కంగారు పడొద్దని చెప్పు.

ఇక్కడ అంతా బాగుంది.

గుమ్మడికాయ

•

పరీక్షల గది,
మంగళవారం.

ఒరేయ్ గుమ్మడికాయా,

తల ప్రాణం తోకకి వచ్చిందిరా. నీ ఉత్తరం చూశాక మొదటిసారి కడుపు నిండా తిన్నాను. నాలుగు ముక్కలు రాసి సరిపెట్టావు, అలిగావా? అలుగు. ఎంతసేపు అలుగుతావో చూస్తాను.

బావ ఇంకా గొణుగుతున్నాడు. "వాడు పగలగొడితే ఇక్కడ ఏదైనా చప్పుడు కావాలి కదా" అంటాడు. బీరువాలో ఉన్న వస్తువు చప్పుడు చేయడమేమిటి అన్నాను. ఆయన మాటలు వింటూ కూర్చుంటే ఫ్యాక్టరీ మూసుకోవాలి.

మేనేజరుకి మాట ఇచ్చేశాను. గురువారం పొద్దున స్తంభం ఖాళీగా ఉంటుంది, ఆఖరిది పూర్తి చేసేస్తాను. దాంతో ఈ గొడవ వదిలిపోతుంది. కొత్త హెల్మెట్ శనివారం బయల్దేరుతుంది. అందాకా ఒడ్డున కూర్చుని నత్తగుల్లలు ఏరుకో.

అక్క

•

తెరచాపల షెడ్డు,
గురువారం, తెల్లవారాక.

అక్కా,

నువ్వు జవాబు రాసే ఉంటావు, నాకింకా అందలేదు. అది వచ్చేలోపే ఇది రాసేస్తే నాకు కాస్త నయం. నీకు అబద్ధం చెప్పి నిద్ర పట్టడం లేదు.

పగలగొట్టలేదక్కా. బండ దాకా తీసుకెళ్లాను. రాయి కూడా ఎత్తాను. చేతులు రాలేదు. ఇవాళే పెద్ద పంతులు పరీక్ష. అఖాతం దాటాలి, హెల్మెట్ లేనివాళ్లని దిగనివ్వరు, దుకాణంలో గిన్నెలు తప్ప ఏమీ లేవు. అది పెట్టుకుంటే నేను పాత మనిషిని. అది లేకపోతే ఒడ్డున నిలబడి అరిచేవాణ్ణి. ఇవాళ నెగ్గితే ఈ పని నాకు ఏళ్ల తరబడి ఉంటుంది. ఓడితే మీ ఇంటికి వచ్చి బావ మంచం పక్కన చాప వేసుకోవాలి.

నువ్వు గొలుసు ముట్టనని రాశావు కదా, నేను పగలగొట్టేదాకా. ఆ మాట మీదే దిగుతున్నాను. తిట్టుకో, కానీ భయపడకు. మధ్యాహ్నానికి ఒడ్డుకి వస్తాను. రాగానే, ఒట్టు, నా చేతులతో దాన్ని పొడి పొడి చేస్తాను. నీకు ఈ ఉత్తరం చేరేసరికి నేను చెప్పిన అబద్ధం నిజమైపోయి ఉంటుంది.

గాలి చాలా బాగుంది. హెల్మెట్ పెట్టుకునే ఇది రాస్తున్నాను. విచిత్రం ఏంటంటే, ఇన్నాళ్లకి ఇవాళే అది ఆరింది. చెవిలో ఏ చప్పుడూ లేదు. ఓనరు ఈల వేస్తున్నాడు, పోస్టు పెట్టెలో ఇది పడేసి దిగుతాను.

నీ గుమ్మడికాయ

•

పరీక్షల గది,
గురువారం సాయంత్రం.

ఒరేయ్,

అయిపోయింది. పొద్దున ఆఖరి పరీక్ష చేసేశాను.

గొలుసు కొసదాకా లాగి వదిలాను. పడ్డప్పుడు ఇనుము మీద ఇనుము మోగే చప్పుడు రాలేదు. మెత్తగా ఏదో పడ్డట్టు వినిపించింది. పరుగెత్తి వెళ్లి చూశాను. హెల్మెట్ మీద బీట లేదు, గీత లేదు. ఇనుప తలలో ఉన్న మీటరు చూస్తే సున్నా. ఎంతో కొంత చూపాలి కదా, ఎంత మంచి హెల్మెట్‌కైనా. తీగలు పీకి మళ్లీ పెట్టాను, పక్కన చిన్న సుత్తితో కొట్టి చూశాను, మీటరు బాగానే పనిచేస్తోంది. దానికి ఆ దెబ్బ మాత్రం తగల్లేదు.

మేనేజరు చప్పట్లు కొట్టాడు. ఇలాంటి హెల్మెట్ ఇంతవరకు పుట్టలేదన్నాడు. అందరినీ పిలిచి చూపించాడు. మీ బావ కూడా వచ్చాడు. కాగితం మీద ఆ సున్నా చాలాసేపు చూసి, నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు, "ఇక్కడ తగల్లేదు సరే. మరి ఆ దెబ్బ ఎక్కడికి పోయినట్టు?"

మావాడు బండ మీద పెట్టి ముక్కలు చేశాడుగా, ఆ ముక్కల్లోకి పోయి ఉంటుందని చెప్పాను.

మీ ఓనరు ఆఫీసుకి మళ్లీ ఫోను చేశాను, ఇవాళ మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. అందరూ ఒడ్డున ఉండి ఉంటారు.

పగలగొట్టావు కదరా? వివరంగా రాయి. ఏ బండ మీద పెట్టావో, ఎన్ని ముక్కలైందో, ఎలా పగిలిందో అన్నీ రాయి. ఈసారి నాలుగు ముక్కలు రాసి సరిపెట్టకు.

అక్క